నీటిమట్టాల పుస్తకం

ముప్ఫై ఒక్క ఏళ్లు నీళ్లు తోడాను నేను.
చేతులతో కాదు, మూడు డీజిల్ పంపులతో.
ఫ్రీస్‌లాండ్‌లో మా ఊరు సముద్రం కంటే
మనిషెత్తు కింద ఉంటుంది.
కురిసిన వాన దానంతటది ఎటూ పోదు, మనమే పంపాలి:
పొలం కాలవలోంచి పెద్ద కాలవలోకి,
అక్కణ్ణించి కట్ట అవతలికి.
మూడు రాత్రులు పంపులు ఆపితే
ఫొక్కెమా వాళ్ల ఆవులు మోకాలి లోతులో నిలబడతాయి.

ఇదంతా డాక్టర్ వీర్స్మాకి చెప్పాలనిపించింది,
నా వీపు మీద ఒక వేలు ఆనించి
ఇంకో వేలితో ఆవిడ తడుతుంటే.
పైన డొల్లగా మోగింది.
కిందికి వచ్చేసరికి మోత చచ్చిపోయింది.
పీపాలో డీజిల్ ఎంతుందో
నేనూ అట్లాగే తెలుసుకునేవాణ్ణి.
"ఇక్కడి దాకా" అన్నాను, ఆవిడ కంటే ముందు.
నవ్వి, వీపు మీద పెన్నుతో గీత గీసింది.
ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ నడుమ
రెండు పల్చటి పొరలుంటాయట,
అవి జారడానికి రెండు చెంచాల తడి చాలట.
నాకు రెండు లీటర్ల పైనే చేరింది.

రక్తంలో జబ్బుందని తొమ్మిదేళ్లుగా తెలుసు.
తెల్లకణాలు లెక్కకు మించి పుడుతున్నాయన్నారు,
మందు ఇప్పుడే వద్దు, చూద్దాం అన్నారు.
చూడటం నాకు అలవాటే.
ఆరు నెలలకోసారి వాళ్లు చెప్పిన అంకె
నీటిమట్టాల పుస్తకం వెనక పేజీలో రాసుకునేవాణ్ణి.
పెరిగింది. మందు మింగాను, తగ్గింది. మళ్లీ పెరిగింది.
ఆ కణాలు ఇట్లా గట్టు దాటతాయని ఎవరూ చెప్పలేదు.
చెప్పే ఉంటారు. నేను వినలేదు.
సెప్టెంబరులో సైకిలు మీద వంతెన ఎక్కలేకపోయాను.
అక్టోబరులో బూటు లేసు కడుతూ మధ్యలో ఆగాను.
నవంబరంతా కుర్చీలోనే నిద్ర.
వయసు అంది చిట్స్కె. లావయ్యాను అన్నాను నేను.

దిండు మీద చేతులు పెట్టి వంగమన్నారు.
సీసాలోకి దిగింది మా కాలవల రంగే,
నాచు కుళ్లి తయారైన మా నల్లనేల నీళ్ల రంగు,
పలచటి టీ.
లీటరున్నర దగ్గర ఆపేసింది.
ఇంకా ఉంది కదా అన్నాను.
"ఒక్కసారే తోడేస్తే ఊపిరితిత్తి తట్టుకోదు, హిల్కె గారూ."
నిజమే. కాలవను ఒక్క రాత్రిలో దించేస్తే
గట్లు లోపలికి కూలతాయి.
అప్పుడు దగ్గు పట్టుకుంది, పావుగంట,
మడతపడిన గుడారంలో ఎవరో లేచి నిలబడుతున్నట్టు.
దగ్గి దగ్గి, చివరికి
ఒక ఊపిరి, అడుగు దాకా.
ఏడ్చాను. నొప్పి అనుకుంది నర్సు.

పన్నెండు రోజులకు మళ్లీ నిండింది.

ఇప్పుడు నా పక్కలో ఒక సన్నని గొట్టం కాపురముంది.
సోమ, బుధ, శుక్రవారాలు
చిట్స్కె రెండుసార్లు చేతులు కడుక్కుని
వంటింటి బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరుస్తుంది,
గాలి తీసేసిన సీసా తగిలించి క్లిప్పు వదులుతుంది.
చమురు వాసన పడదని
ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ పంపుల షెడ్డులోకి రాని మనిషి.
ఇప్పుడు సీసాను కంటికి సమంగా ఎత్తి పట్టుకుని
గీత చదువుతుంది, నేను నేర్పకుండానే.
పుస్తకంలో ఆమె రాత:
"620. రంగు మామూలే. దగ్గు తక్కువ."
కింద, ఎవరూ అడగకపోయినా,
"నైరుతి గాలి. కాలవ మీద మంచు పెచ్చు."

మా నేల సంగతి ఒకటుంది, కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పం.
నీళ్లు తోడేకొద్దీ అది కుంగుతుంది,
కుంగేకొద్దీ ఇంకా తోడాలి.
మా తాత నాటి నుంచి నా నాటికి రెండు జానలు దిగింది.
అయినా ఎవరూ పంపు ఆపలేదు.
ఎన్నాళ్లని డాక్టర్ని నేను అడగలేదు.
చిట్స్కె అడిగింది, వరండాలో.
ఆ అంకె మాత్రం పుస్తకంలో లేదు.

నిన్న శుక్రవారం. 410.
"తగ్గింది" అన్నాను.
"తగ్గిందో, గొట్టం పూడుకుందో చూడాలి" అంది,
షెడ్డులో పుట్టి పెరిగినదానిలా.
రాత్రంతా వాన పడింది.
కిటికీలోంచి చూస్తే ఫొక్కెమా వాళ్ల గడ్డి
తడిసింది గాని మునగలేదు.
నా తర్వాత చేరిన కుర్రాడు పని బాగానే చేస్తున్నాడు.
మూడో పంపు కొంచెం గరగరమంటోంది,
ఒకసారి చూడమని చెప్పాలి.